చిలీ యను వంటకము – అందలి మతభేదములు



నేటి ప్రసంగమునకు విషయము ఒక గిన్నెడు కూర. ఇంత చిన్న విషయమునకు రేడియో యేల యని మీరనుకొనవచ్చును. ఈ గిన్నెడు కూర నిమిత్తమై యొక రాష్ట్ర శాసనసభ తీర్మానము చేసినది. పత్రికలలో పెద్దమనుష్యులు ఒకరి నొకరు తిట్టుకొనిరి. పాడుపడిన యొక గనుల పల్లెలో జనము ఏటేట గుమిగూడి దానిని వండుటలో పందెములు వేసికొనుచున్నారు. తగవంతయు ముఖ్యముగా ఒక్క ప్రశ్నమీద నిలిచియున్నది: ఆ కూరలో చిక్కుడుజాతి గింజలు వేయవచ్చునా, వేయరాదా?

ఆ కూర పేరు చిలీ. దక్షిణామెరికాలో ఆ పేరుగల దేశమొకటి కలదు గాని దానికిని దీనికిని సంబంధము లేదు. ఇది అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెక్సస్ అను రాష్ట్రమున పెరిగిన వంటకము.

ఈ విషయము నాకు తటస్థించిన విధము చెప్పెదను. మా చెల్లెలి మనుమడు ఆ టెక్సస్ లోనే డాలస్ నగరము చేరువను ఉద్యోగము చేయుచున్నాడు. వాని కచేరిలో ఏటేట చలికాలమున తోడి ఉద్యోగులు తలకొక కుండెడు చిలీ వండి తెచ్చి పోటీ పెట్టుకొందురట. మావాడు శాకాహారి. రాజ్మా గింజలు, టొమాటోలు, ఉల్లిపాయలు ఉడికించి, ఇంటినుండి పంపిన గుంటూరు కారము వేసి తీసికొనిపోయెను. కుండ ఖాళీ అయినది. బహుమానములవేళ మాత్రము పెద్దవాడొకడు మర్యాదగానే, ఇది మంచి గింజల పులుసు గాని చిలీ కాదు, అని పక్కన పెట్టించెనట. ఆ రాత్రి మావాడు నాతో ఫోనులో, “తాతయ్యా, గిన్నెలు నాకి మరీ తిన్నారు. తీరా ఇది చిలీయే కాదన్నారు. కాదనడానికి వాళ్ళకేమిటి అధికారం?” అని యడిగెను.

ఆ మాటలో హాస్యముకంటె నొప్పియే హెచ్చుగా వినబడినది. పరదేశమున పదియేండ్లు కాపురమున్నవానికి ‘ఇది మాది కాదు’ అను మాట కూరను గూర్చి మాత్రమే యన్నట్లు తోచదు.

నేను ముప్పదియేండ్లు పైబడి పాఠము చెప్పినవాడను. అంతకుముందు గురువుగారి సన్నిధిని కొంత వ్యాకరణమును కొంత తర్కమును చదివినవాడను. ‘అధికారము’ అను మాట చెవిని పడిన పిదప ఊరకుండలేకపోతిని. ఆ వంటకమును గూర్చి దొరకినంత చదివితిని. మొదటనే యొకటి విన్నవించుకొందును. నేను దానిని రుచి చూడలేదు. అది గోమాంసముతో చేయు కూర. మా యింటి ఆచారము వేఱు. కావున రుచిని గూర్చి తీర్పు చెప్పను. లక్షణమును గూర్చియే మాటలాడెదను.

ముందు దానిని వండు విధము. ఎండిన మిరపకాయలకు తొడిమలు తీసి, గింజలు దులిపి, కొంచెము వేచి, వేడినీళ్ళలో నానవేసి మెత్తగా నూఱుదురు. మాంసమును చిన్న ముక్కలుగా కోసి కొవ్వులో వేయించి ఆ మిరపముద్దను కలుపుదురు. వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో అను ఎండుటాకు – దాని వాసన మన వామునకు దగ్గరగా నుండును – చేర్చి రెండు మూడు గంటలు సన్నని సెగమీద ఉడికింతురు. దించునప్పటికి ముక్కను ఎఱ్ఱని చిక్కని పులుసు పట్టుకొనియుండును. టెక్సస్ వారు దానిని ముద్దుగా ‘ఎఱ్ఱ గిన్నె’ యని పిలుతురు.

ఇంత మిరపకాయ నూఱి పోసిన కూరను ఎట్లు తిందురని మీ రడుగవచ్చును. వారు హెచ్చుగా వాడునది ఆంచో అను వెడల్పాటి నల్లని యెండుమిరప. కారమును కొలుచుటకు విల్బర్ స్కోవిల్ అను అమెరికా ఔషధశాస్త్రజ్ఞుడు 1912లో ఒక మానమును ఏర్పరచెను. ఆ మానమున ఆంచో కారము సుమారు 1,000 మొదలు 2,000 వఱకు. మన గుంటూరు సన్నమునకు 35,000కు పైమాటయే. కావున మనకు మిరపకాయ కూరకు సంబారము కాగా, వారి యీ వంటకమున మిరపకాయయే కూర. మన పండుమిరప పచ్చడిలో మిరపపండు దేనికో తోడు రాదు, అదియే పచ్చడి. అట్లే యిదియు.

పేరును విడదీసినను ఇదే తేలును. పూర్తి పేరు ‘చిలీ కాన్ కార్నే’. చిలీ యనునది మెక్సికో ఆదిమవాసుల నహువాటిల్ భాషలో మిరపకు పేరు. తక్కిన రెండును స్పెయిను భాషవి: ‘కాన్’ అనగా తో, ‘కార్నే’ యనగా మాంసము. మాంసముతో మిరప యని యర్థము. తో అను అర్థమున వచ్చు తృతీయావిభక్తి అప్రధానమైనదానికే చెల్లునని పాణినీయులు చెప్పుదురు. శిష్యులతో గురువు వచ్చెను అన్నప్పుడు ప్రధానుడు గురువు. శిష్యులు వెంట వచ్చినవారు. అట్లే ఇచ్చట ప్రధానము మిరప. మాంసము వెంట వచ్చినది. మాంసమే ఈ వంటకమునకు ప్రాణమను టెక్సస్ ఛాందసులకు వారి కూర పేరే ఎదురుసాక్ష్యము.

నేను మనుమనికి మొదట చెప్పిన వాదమిదియే. వాడు మిక్కిలి సంతోషించెను. కాని నాకు తృప్తి కలుగలేదు. వ్యుత్పత్తిని బట్టి వస్తువును తేల్చరాదు. బురదలో పుట్టినవెన్నియో యుండగా పంకజమనిన తామర యొక్కటియే. వాడుక ఏమి చెప్పునో చూడవలెను. అందులకై ఆ కూర చరిత్రలోనికి పోవలసివచ్చినది.

ప్రసిద్ధికెక్కిన ప్రతి వస్తువునకును ఒక స్థలపురాణము పుట్టును. చిలీకిని కలదు. పదునేడవ శతాబ్దమున స్పెయిను దేశమున ఆగ్రెడా యను ఊరి మఠమున మరియా యను సన్యాసిని యుండెను. ఆమె మఠము గడప దాటకయే, ధ్యానములో సముద్రము దాటి, నీలవస్త్రధారిణియై ఆ ప్రాంతపు ఆదిమజాతులకు కనబడి ధర్మము బోధించెనట. అచ్చట నేర్చిన వంటకమును, జింకమాంసమును మిరపకాయలును కలిపి వండు విధమును, మేల్కొన్న పిదప వ్రాసియుంచెనట. సన్యాసిని చరిత్రలోనున్న వ్యక్తియే. ఆకాశగమనమును వంటయు భక్తుల నోట పెరిగిన కథలు. మఱికొందరు, 1731లో కానరీ ద్వీపములనుండి స్పెయిను రాజు పంపగా వచ్చి టెక్సస్ లోని శాన్ ఆంటోనియోలో స్థిరపడిన కుటుంబములవారు జీలకర్ర వాడుక తెచ్చిరనియు, చిలీ వారి వంటయే యనియు చెప్పుదురు.

కథలు విడిచి కాగితమునకు వత్తము. 1828లో శాన్ ఆంటోనియోను చూచిన జె. సి. క్లాపర్ అను నాతడు అచ్చటి బీదలు మాంసము కొనవలసివచ్చినప్పుడు కొంచెమే కొని, ముక్కలుగా తరిగి, ఎన్ని ముక్కలో ఇంచుమించుగా అన్ని మిరపకాయలు చేర్చి కలిపి ఉడికింతురని వ్రాసెను. ఇందులో రహస్యమంతయు ఉన్నది. మాంసము ప్రియము, మిరప చౌక. ఇంటిల్లిపాదికి చాలునట్లు కొంచెమును పెద్దది చేయుటకు పేద యిల్లాలు చేసిన యుపాయము చిలీ. మన యిండ్లలో పావుసేరు కందిపప్పు పదిమందికి పులుసైన విధముగా ననుకొనుడు.

ఆ యిల్లాలు ఏ దేశపుది యన్నచో చెప్పుట కష్టము. టెక్సస్ 1821 వఱకు స్పెయినుది; 1836 వఱకు మెక్సికోది; పిమ్మట స్వతంత్రరాజ్యము; 1845లో సంయుక్తరాష్ట్రములలో చేరినది. ఊరు కదలలేదు, జెండాలు కదలినవి. పొయ్యిమీది కుండ మాత్రము అదియే.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన భాగమునకు వచ్చితిని. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున శాన్ ఆంటోనియో నగరపు చౌకములలో ప్రొద్దు గ్రుంకునప్పటికి మెక్సికను కుటుంబముల స్త్రీలు వచ్చెడివారు. ఇంటివద్ద వండిన కూరను పెద్ద కుండలలో బండ్లమీద తెచ్చి, మెస్కీటు కట్టెల నిప్పుమీద వేడి చల్లారకుండ నుంచి, బల్లలు వేసి, లాంతర్లు వెలిగించి అమ్మెడివారు. మెస్కీటనగా మఱేదో కాదు, మన చేలగట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టము. పది సెంట్ల నాణెమునకు గిన్నెడు చిలీ, ప్రక్కను ఉడికిన గింజలు, మొక్కజొన్న రొట్టె. బండివాండ్రు, సిపాయిలు, పసులను తోలుకొనిపోవువారు, 1877లో రైలుదారి వచ్చిన తరువాత దూరదేశముల దొరలు, అందరును ఆ బల్లలయొద్దనే ప్రక్కప్రక్కన కూర్చుండి తినెడివారు. ఆ స్త్రీలకు ‘చిలీ రాణులు’ అని పేరు వచ్చినది. స్టీఫెన్ క్రేన్ అను ప్రసిద్ధ నవలాకారుడు 1895లో ఆ నగరమునకు వచ్చి వారి కూర కారమును నరకముతో పోల్చి వ్రాసెను.

రాణులన్న పేరే గాని రాజ్యము నిలువలేదు. మిలిటరీ ప్లాజా యను చౌకము నడుమ 1891 నాటికి నగరసభా భవనము లేచినది; వారు వేఱు చౌకమునకు జరిగిరి. అచ్చటినుండి మఱియొకదానికి జరిగిరి. 1893లో షికాగో నగరమున జరిగిన మహాప్రదర్శనమునందు శాన్ ఆంటోనియో చిలీ దుకాణము వెలసి, కూర కీర్తి దేశమంతటను వ్యాపించినది. కీర్తి అంగళ్ళకు వచ్చినది, వీథిలోని స్త్రీలకు రాలేదు. 1930ల చివరకు ఆరోగ్యశాఖ నియమములు వచ్చి పడినవి. ఆరుబయట గిన్నెలు కడుగరాదు, ఈగలు వ్రాలకుండ తెరలు కట్టవలెను. నియమము తప్పని నేననను; కలరా చూచిన పల్లెలవారము మనము. కాని పది సెంట్లకు గిన్నె నమ్ము ఆడుదానికి ఆ యేర్పాటులన్నియు చేసికొను శక్తి యెక్కడిది? నడుమ కొన్నాళ్ళు మరల రానిచ్చినను, 1940ల తొలియేండ్లకు చౌకములు ఖాళీ యయినవి.

అప్పటికే కూర వారి చేతులనుండి జాఱిపోయి యుండెను. విలియం గెబ్‌హార్ట్ అను జర్మను దేశస్థుడు న్యూ బ్రాన్‌ఫెల్స్ అను ఊర భోజనశాల నడపుచుండెను. మంచి మిరపకాయ ఏడాది పొడుగున దొరకకపోవుటచేత, ఆంచో మిరపను తెప్పించి, ఎండించి, మాంసము కొట్టు చిన్న మరలోనే పొడి చేసి, 1890లలో సీసాలకు పోసి అమ్మసాగెను. ఆ పొడిలో జీలకర్ర, ఒరెగానో ముందుగానే కలిసియుండును. ఇక చిలీ వండుటకు టెక్సస్ లో పుట్టనక్కరలేదు, సీసా మూత తీసిన చాలును. తరువాత డబ్బాలలో వండిన చిలీయే వచ్చినది. కఱవు రోజులలో హోటళ్ళవారు మాంసము తగ్గించి గింజలు హెచ్చించిరి. ఇంటింట ఒక పద్ధతి యేర్పడినది. పద్ధతులు పెరిగినప్పుడు గదా ‘నిజమైనది యేది’ అను ప్రశ్న పుట్టుట.

ఆ ప్రశ్నకు యుద్ధభూమి టెర్లింగ్వా. మెక్సికో సరిహద్దున కొండల నడుమ పాదరసపు గనులు పాడుపడి జనము లేచిపోయిన పల్లె. డాలస్ పత్రికారచయిత ఫ్రాంక్ టోల్బర్ట్ 1966లో చిలీని గూర్చి యొక పుస్తకము ప్రకటించెను. మఱుసటి యేడు హెచ్. అలెన్ స్మిత్ అను హాస్యరచయిత, న్యూయార్కువైపు నివసించువాడు, చిలీని గూర్చి నాకు తెలిసినంత యెవరికిని తెలియదని శీర్షిక పెట్టి యొక పత్రికలో వ్యాసము వ్రాసెను. ఆయన చిలీలో టొమాటో, ఉల్లి, గింజలు అన్నియు నుండెను. టెక్సస్ వారికి ఒళ్ళు మండినది. 1967 అక్టోబరులో ఆయనను టెర్లింగ్వాకు పిలిచి, తమ పక్షమున విక్ ఫౌలర్ అను పత్రికావిలేఖరిని నిలిపి, ఇద్దరిచేత చిలీ వండించిరి. న్యాయాధిపతులు ముగ్గురు. ఒకరు వీరికి, ఒకరు వారికి ఓటు వేసిరి. మూడవవాడు ఒక గరిటెడు నోట వేసికొని ఉమిసి, నా నాలుక చచ్చినది, తీర్పు చెప్పలేను, అనెను. పందెము సమానమని తేల్చి మఱుసటి యేటికి వాయిదా వేసిరి. కోర్టు వాయిదాల రుచి తెలిసిన మనకు ఇది నవ్వు పుట్టించకమానదు.

హాస్యమునకు మొదలైనది శాస్త్రమైనది. పందెము ఏటేట జరిగినది, సంఘములు లేచినవి, సంఘమునకు నియమావళి వచ్చినది. టెర్లింగ్వాలో పందెము నడపు పెద్ద సంఘము గింజలు, అన్నము, మొక్కజొన్న మొదలగువానిని ‘పూరకములు’ అని పేరు పెట్టి నిషేధించినది. పూరకమనగా కడుపు నింపుటకు వేసిన చెత్త యని వారి భావము. తొలి యేండ్లలో ఆ పందెమున ఆడువారికి ప్రవేశము లేదు. చిలీ రాణులు వీథినుండి వెడలిపోయి ముప్పదియేండ్లయినను కాలేదు, నిజమైన చిలీని తేల్చు పందిరిలోనికి ఆడుది రాకూడదట! వారు లూకెన్‌బాక్ అను పల్లెలో వేఱు పందెము పెట్టుకొనిరి. పిమ్మట టెర్లింగ్వాలోను చేర్చుకొనక తప్పలేదు.

1977లో టెక్సస్ శాసనసభ చిలీని రాష్ట్ర వంటకముగా తీర్మానించినది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్ వాడే. ఆయన యింటి చిలీని అడుగువారు పెక్కుమంది యగుటచే ఆయన భార్య ఆ పద్ధతిని కార్డులమీద అచ్చువేయించి పంపెడిది. అందులో గింజలు లేవు. టొమాటో మాత్రము ఉన్నది! టొమాటోను కూడ కూడదను ఛాందసులు ఈ కార్డు మాట వచ్చినచో ఏమందురో!

టెక్సస్ దాటినచో ఇంకను చిత్రము. ఒహయో రాష్ట్రమున సిన్సినాటి నగరమున 1922లో మాసిడోనియానుండి వచ్చిన కిరాజియెఫ్ సోదరులు ఒక అంగడి తెఱచిరి. వారు మాంసపు పులుసులో దాల్చినచెక్క వంటి తీపివాసన సంబారములు వేసి, దానిని సేమ్యావంటి పొడుగు పిండివంటకముమీద పోసి, పైని జున్ను తురుము చల్లి అమ్మిరి. అదియు చిలీయే. పిండివంటకముతో కలిపి రెండంతరువులు, జున్నుతో మూడు, ఉల్లిగాని గింజలుగాని వేసిన నాలుగు, రెండును వేసిన ఐదు అని అచ్చట లెక్కపెట్టి అడుగుదురు. టెక్సస్ వారు ఆ మాట వినినంతనే చెవులు మూసికొందురు. న్యూ మెక్సికో రాష్ట్రమువారి మతము వేఱు. అచ్చట చిలీ యనిన మిరపయే, దానితో చేసిన పులుసే. ఎఱుపా, పచ్చయా అనునది ఒక్కటియే అచ్చటి తగవు. 1965లో వారు రాష్ట్రశాకములను నిర్ణయించునప్పుడు మిరపను, చిక్కుడుగింజను రెంటిని జతగా పేర్కొనిరి. ఇక మెక్సికోవారు? 1959లో ప్రకటితమైన ఫ్రాన్సిస్కో సాంతామరియా నిఘంటువు ‘చిలీ కాన్ కార్నే’ అను పదమునకు, ఉత్తరమున మెక్సికో పేరు పెట్టుకొని అమ్మబడు అసహ్యపు తిండి యను భావమున అర్థము వ్రాసినది. నిఘంటుకారునికి అంత కోపము నేనెచ్చటను చూడలేదు.

ఇప్పుడు తర్కమునకు వత్తము. లక్షణమునకు మూడు దోషములని మనవారు చెప్పుదురు. లక్షణము పరవస్తువునకు కూడ పట్టినచో అతివ్యాప్తి. తన వస్తువులో కొంత విడిచినచో అవ్యాప్తి. ఎందును పట్టనిచో అసంభవము.

మిరపముద్దలో ఉడికిన మాంసము చిలీ యందమా? రాజస్థానమున మథానియా మిరపకాయలతో వండు లాల్ మాస్ కూడ చిలీ యగును. అతివ్యాప్తి. గింజలు లేనిదే చిలీ యందమా? సంయుక్తరాష్ట్రములలో లక్షలాది యిండ్లలో గింజలతోనే వండి చిలీ యని పిలుచుచున్నారే, అవి యన్నియు జాఱిపోవును. అవ్యాప్తి. అదియునుగాక లేమిని లక్షణముగా చెప్పినచో వస్తువు తెలియదు. ఏనుగునకు రెక్కలు లేవు. అంతమాత్రమున రెక్కలు లేనిదెల్ల ఏనుగు కాదు. పోనీ, ఆ నేల సొంత వస్తువులతో వండినదే నిజమైన చిలీ యందమా? ఇచ్చటనే అసలు చిక్కున్నది. ఛాందసులు కుండలో ఉంచు వస్తువులను చూడుడు. ఆవులు స్పెయినువారి వెంట ఓడలలో వచ్చినవి. జీలకర్ర పాతప్రపంచపుది. వెల్లుల్లియు అంతే. మిరప అమెరికా నేలది. వారు వెలివేసిన వస్తువులు చూడుడు. చిక్కుడుగింజ అమెరికా నేలది; మిరపతోబాటు వేలయేండ్లుగా అచ్చటివారు తినుచున్నది. టొమాటోయు అమెరికా నేలదే. పరదేశులు పీటమీద కూర్చుండి, ఇంటివారిని గడప బయట నిలిపినట్లున్నది. ఈ లక్షణము ఛాందసుల యే గిన్నెకును పట్టదు. శుద్ధమైన అసంభవము.

ఇట్లనుచున్నానని టెక్సస్ వారిని అపహసింపరాదు. మనమేమి? మిరపకాయ పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున తెచ్చిన పరదేశపు కాయ. చరకసుశ్రుతులలో శొంఠి, పిప్పలి, మిరియము కలవు గాని మిరపకాయ లేదు. దాని పేరును మనము మిరియమునుండియే కల్పించుకొంటిమి. కొలంబసు కూడ దానిని చూచి మిరియమనియే పిలిచెను. పాతకాపును పేరడిగి క్రొత్తవానికి పెట్టితిమి. తద్దినపు వంటలో నేటికిని మిరపకాయ వేయక మిరియమే వాడు ఇండ్లు మనలో కలవు. అంతమాత్రమున ఆవకాయ తెలుగువారిది కాదనువాడెవడైన నున్నచో గుంటూరులో నిలువనిత్తుమా?

ఛాందసుల పక్షమునను ఒక న్యాయమున్నది. దానిని దాచుట ధర్మము కాదు. గింజలు చౌక. మాంసము వెల పుచ్చుకొని గింజలతో గిన్నె నింపు అంగడివాడు ఏ దేశమునందైన నుండును. ‘పూరకము’ అను తిట్టు ఆ మోసమును చూచి పుట్టినదే. సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము దీనికి చక్కని మార్గము చూపినది. డబ్బామీద ‘చిలీ కాన్ కార్నే’ యని వ్రాసినచో అందు నూటికి 40 పాళ్ళకు తగ్గకుండ మాంసముండవలెను. గింజలు కలిపినచో ‘గింజలతో చిలీ కాన్ కార్నే’ యని వ్రాయవలెను. అప్పుడు 25 పాళ్ళకు తగ్గరాదు. గింజలు వేయరాదని చట్టము అనలేదు, వేసితివని చెప్పుమనినది. శాసనసభలును పందిళ్ళును తేల్చలేని తగవును గుమాస్తా యొకడు పేరులో ఒక్క మాట చేర్చి తేల్చినాడు.

మనుమనికి తుదకు నేను చెప్పిన సమాధానమిది. “నాయనా, పందెపు నియమము పందెమునకు చెల్లును. చదరంగపు గుఱ్ఱము ఒక తీరుననే దూకవలెను. ఊరిలోని గుఱ్ఱమునకు ఆ కట్టడి లేదు. మీ కచేరివారు ముందుగా నియమము చెప్పియుండినచో వారిది అధికారమే. చెప్పక, తిన్న తరువాత కాదనుట అధికారము కాదు, అలవాటు. వచ్చే యేడు కుండమీద ‘గింజల చిలీ’ యని కాగితము అంటించి పెట్టు. కాదను నోటికి పని తప్పును.” వాడట్లే చేసెను. బహుమానము రాలేదు గాని గింజలవారికి వేఱుగా ఒక బల్ల వేసిరట. ఆ బల్లయొద్దకు ఆ పెద్దవాడే మొదట వచ్చి రెండుమారులు పెట్టించుకొనెనని వాడు నవ్వుచు చెప్పెను.

మొన్న వేసవికి వాడు వచ్చినప్పుడు నాకొఱకు పొట్లమెడు ఆంచో ఎండుమిరప తెచ్చెను. నేను చదివిన పద్ధతిగా నానవేసి నూఱించి, మాంసము మాట తలపెట్టక, చింతపండును బెల్లమును చేర్చి పచ్చడి చేయించితిని. రంగు కుంకుమవలె వచ్చినది. ఎండుద్రాక్షవంటి చిరుతీపి వాసన. నేను రెండు ముద్దలు తిని, బాగున్నదంటిని. మా యింటిది ఒక ముద్ద నోట బెట్టుకొని, కొంచెముసేపు కారమునకై యెదురుచూచి, గిన్నె నావైపు జరిపి, “రంగు బాగానే ఉందండీ. కానీ ఇది మిరపకాయ కాదు” అని తేల్చివేసినది. మనుమడు నావైపు చూచెను. నేను తలవంచుకొని మూడవ ముద్ద కలుపుకొంటిని.